టెన్సుల చార్టు సెట్టు: బరంపురం వైపు పిల్లలకు ఏది పనికొస్తుంది, ఏది రాదు

వేసవి సెలవులు అయిపోవచ్చేసరికి ఒడిశాలోని బరంపురం బడాబజారులోనూ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పుస్తకాల దుకాణాల్లోనూ ఒక సెట్టు జోరుగా అమ్ముడవుతుంది. గోడకు తగిలించే ఇంగ్లీషు టెన్సుల చార్టు, జేబులో పట్టే వెర్బుల పుస్తకం, కార్డుల పెట్టె. మూడూ కలిపి 250 రూపాయల లోపే. చార్టు ఒక్కటే చాలంటే 60, 70కి ఇస్తారు. అట్ట మీద పేర్లు వేరు గానీ లోపలి సరుకు అటూ ఇటూగా ఒకటే, కాబట్టి కంపెనీ పేరు పట్టించుకోనక్కర్లేదు. ఆంధ్రా వైపు అచ్చయినదైతే అర్థాలు తెలుగులో ఉంటాయి, కటక్ వైపు నుంచి వచ్చేదైతే ఒడియాలో ఉంటాయి. ఇక్కడి మన తెలుగువాళ్లు తెలుగుదే అడిగి తీసుకుంటారు. ఒడియా బడిలో చదివే పిల్లకు మాత్రం ఆ ఎంపిక చాలాసార్లు తప్పుతుంది. ఎందుకో చార్టు చూస్తే తెలుస్తుంది.

ముందే చెప్పాలంటే కార్డులు బాగున్నాయి, పుస్తకం సగం బాగుంది. చార్టును మాత్రం దిద్దుకోకుండా గోడకెక్కిస్తే నేర్పిన దానికంటే చెడగొట్టేదే ఎక్కువ.

చార్టులో పన్నెండు గళ్లు. అడ్డంగా ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. నిలువుగా సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. ప్రతి గడిలో ఒక ఫార్ములా, ఒక ఇంగ్లీషు వాక్యం, దాని కింద అర్థం. వెనకవైపు ప్యాసివ్ వాయిస్, ఎనిమిది టెన్సులకే ఇచ్చారు, అది సరే. అక్షరం పెద్దది, వెనక బెంచీకి కూడా కనిపిస్తుంది. ఫార్ములాల్లో తప్పుల్లేవు. గొడవంతా తెలుగు వరుసలోనే ఉంది.

సింపుల్ ప్రెజెంట్ గడిలో ‘ఐ ఈట్’ కింద ‘నేను తింటాను’ అని వేశారు. బాగుంది. సింపుల్ ఫ్యూచర్ కిందా ‘నేను తింటాను’ అనే వేయాలి. రోజూ తింటాం, రేపూ తింటాం, మన నోట్లో రెండింటికీ ఒకటే మాట. రెండు గళ్లలో ఒకే అర్థం ఉంటే అచ్చుతప్పు అనుకుంటారని కాబోలు, ఫ్యూచర్ గడిలో ‘తినగలను’ అని వేశారు. పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ‘తినగలను’ అంటే వాళ్లకు తెలిసిన అర్థం చేతనవడం. దాంతో ‘విల్’కీ ‘కెన్’కీ తేడా పోతుంది. ‘రేపు వస్తావా’ అని అడిగితే ‘ఐ కెన్ కమ్’ అంటారు, ఈత వచ్చని చెప్పడానికి ‘ఐ విల్ స్విమ్’ అంటారు.

పర్ఫెక్ట్ వరుస ఇంకా విడ్డూరం. ‘తినియున్నాను’, ‘తినియుంటిని’, ‘తినియుందును’. శ్రీకాకుళం నుంచి జయపురం దాకా ఏ ఇంట్లో వెతికినా ఇలా మాట్లాడేవాళ్లు దొరకరు. నిన్న తిన్నా ‘తిన్నాను’, ఇప్పుడే తిన్నా ‘తిన్నాను’. ఇంగ్లీషు మాత్రం మొదటిదానికి ‘ఐ ఏట్’ అనీ, రెండోదానికి ‘ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్’ అనీ వేరు చేస్తుంది. ఈ తేడా ఎక్కడ వస్తుందో పిల్లలకు చెప్పాలి. చెప్పడం మానేసి, ఎవరూ అనని తెలుగు మాటనొకటి అతికిస్తే నేర్చుకోవాల్సిన పరాయి భాష ఒకటికి రెండవుతుంది.

ఒడియా మీడియంలో చదివే మన పిల్లలకు ఇక్కడ ఒక లాభం ఉంది. ‘ము ఖాఇలి’, ‘ము ఖాఇఛి’ వేరువేరని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిది తిన్నానని, అయిపోయిన సంగతి. రెండోది తినేశాను, ఇప్పుడు కడుపు నిండుగా ఉంది, మళ్లీ వడ్డించకండి అని. ‘ఐ ఏట్’కీ ‘ఐ హ్యావ్ ఈటెన్’కీ మధ్య ఉన్న తేడా ఇంచుమించు ఇదే. మిగతా మెట్లు కూడా చక్కగా కుదురుతాయి. ఖాఏ అంటే ‘ఐ ఈట్’, ఖాఉఛి అంటే ‘ఐ యామ్ ఈటింగ్’, ఖాఉథిలి అంటే ‘ఐ వజ్ ఈటింగ్’, ఖాఇథిలి అంటే ‘ఐ హ్యాడ్ ఈటెన్’, ఖాఇబి అంటే ‘ఐ విల్ ఈట్’. పన్నెండు గళ్లలో ఏడు ఇలా నిండుతాయి, అదీ పిల్లలు రోజూ వాడే మాటలతోనే. తెలుగు అర్థాల చార్టు ఈ దారి మూసేస్తుంది. పైగా ఒడియా బడుల్లో చదివే మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. గోడ మీద ‘తినియున్నాను’ వాళ్లకు బొమ్మతో సమానం.

అయితే ఒడియాను నమ్మి గుడ్డిగా పోకూడదు. రెండు చోట్ల జారుతుంది. ఖాఉఛి, ఖాఇఛి మధ్య తేడా ఒక్క అచ్చు. వెనకబడిన పిల్లలు చివరి ‘ఛి’ మాత్రమే విని ఒకసారి ‘యామ్’, ఒకసారి ‘హ్యావ్’ పెడతారు. బోర్డు మీద రెండూ ఒకదాని కింద ఒకటి రాసి, ‘ఉ’ను ఎర్ర సుద్దతో, ‘ఇ’ను నీలం సుద్దతో దిద్దాలి. ఎర్రది కనిపిస్తే ‘ఇంగ్’, నీలం కనిపిస్తే వి3, అంటే వెర్బు మూడో రూపం (గో, వెంట్, గాన్‌లను వరుసగా వి1, వి2, వి3 అంటారు). వారం రోజులు ఇదే గుర్తు నడిపితే చాలు. రెండోది, ‘ఖాఇథిలి’, ‘జాఇథిలి’ లాంటి రూపాలను ఒడియాలో మామూలు గతానికి కూడా వాడేస్తారు. అందుకే ‘ఐ హ్యాడ్ గాన్ టు పూరీ లాస్ట్ ఇయర్’ అన్న వాక్యం ఈ జిల్లాల్లో అడుగడుగునా వినిపిస్తుంది. అక్కడ ‘ఐ వెంట్’ చాలు. గతంలో రెండు పనులుండి, ఒకటి ముందు జరిగిందని చెప్పాల్సి వస్తేనే ‘హ్యాడ్’: మేం స్టేషన్‌కు వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది, ‘ద ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’. ‘ఇంకో పని ఏదీ’ అని అడగండి. పిల్లలు చూపించలేకపోతే ‘హ్యాడ్’ కొట్టేయండి.

పర్ఫెక్ట్ కంటిన్యువస్ గడిలో చార్టు ఇచ్చిన ఉదాహరణ ఏరికోరి తెచ్చుకున్న తంటా: ‘నేను రెండు గంటల నుండి చదువుతున్నాను’. ఈ వాక్యానికి తెలుగులో రెండు అర్థాలు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాననీ కావచ్చు, మొదలుపెట్టి రెండు గంటలైందనీ కావచ్చు. ఇంగ్లీషులో మొదటిది ‘సిన్స్ టూ’, రెండోది ‘ఫర్ టూ అవర్స్’. చార్టు కింద చిన్న అక్షరాల్లో ‘సిన్స్, ఫర్ = నుండి’ అని కలిపేసి ఊరుకున్నారు. ‘సిన్స్ టూ అవర్స్’ పుట్టేది ఈ గడిలోంచే. తెలుగులో విడదీయాలంటే ‘రెండు గంటలుగా’ అన్నదాన్ని ‘ఫర్’కు, ‘రెండింటి నుంచి’ అన్నదాన్ని ‘సిన్స్’కు కట్టేయాలి. ఒడియాలో ‘దుయి ఘంటా హేలా’, ‘దుయిటారు’ అని ముందే విడిగా ఉన్నాయి. మొదటిది ‘ఫర్’, రెండోది ‘సిన్స్’. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. తెలుగులోనూ ఒడియాలోనూ ఈ వాక్యంలో క్రియ మామూలు ‘చదువుతున్నాను’, ‘పఢుఛి’యే కాబట్టి పిల్లలు ‘ఐ యామ్ స్టడీయింగ్ ఫర్ టూ అవర్స్’ అంటారు. ‘హ్యావ్ బీన్’ ఏ భాషా అందించదు, అది కసరత్తుతోనే రావాలి. ‘హౌ లాంగ్ హ్యావ్ యు బీన్...’ అని రోజూ నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు చెప్పించడం తప్ప దారి లేదు.

చార్టులో అసలే లేనివి కూడా ఉన్నాయి. డూ, డజ్, డిడ్ లేవు. పన్నెండు గళ్లలోనూ అన్నీ ‘అవును’ వాక్యాలే, ప్రశ్నలు లేవు, కాదనడాలు లేవు. పిల్లల నోట వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడివే: ‘డిడంట్ వెంట్’, ‘డజంట్ గోస్’, ‘వేర్ యు వెంట్’. చెప్పాల్సింది చిన్నదే. డూ, డజ్, డిడ్ వచ్చాయంటే ఎస్‌నీ, గతాన్నీ అవే మోస్తాయి, వెర్బు వి1కు దిగిపోతుంది. దీన్ని సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్ గళ్ల పక్కన మీరే కాగితం అంటించి రాసుకోవాలి. ‘హీ ఈట్స్’లోని ఎస్‌ను కూడా చార్టు అడుగున ఒక చుక్క గుర్తు పెట్టి తోసేసింది. మన భాషలో తింటాను, తింటావు, తింటాడు అని ప్రతి మనిషికీ తోక మారుతుంది. అంత అలవాటున్న పిల్లలు ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క తోకనూ ఎలా వదిలేస్తారో ఆశ్చర్యమే. ‘తింటాడు’లో ‘డు’ ఎలాగో ‘ఈట్స్’లో ఎస్ అలాగని చూపిస్తే త్వరగా పట్టుకుంటారు. ‘హీ’, ‘షి’తో పాటు అమ్మ, మాస్టారు, ఆవు, బస్సు పేర్లు కూడా పెట్టి వాక్యాలు చెప్పించాలి. ‘హీ’ దగ్గర ఎస్ పెట్టిన పిల్లలే ‘మై మదర్’ దగ్గర వదిలేస్తారు.

‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ వాంటింగ్’ గురించీ చార్టు పెదవి విప్పదు. ఇంగ్ తగలని వెర్బులున్నాయన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు. ఇక్కడ మాత్రం ఒడియా కంటే తెలుగే అక్కరకొస్తుంది. తెలుసు, కావాలి, ఇష్టం, గుర్తుంది: వీటికి మనం ‘తున్నాను’ తగిలించం. ‘తెలుస్తున్నాను’ అని ఎవరైనా అంటే నవ్వుతాం. నో, వాంట్, లైక్, రిమెంబర్‌కూ ఇంగ్ అంతే. రెండు చోట్ల ఇది తప్పుతుంది, ముందే చెప్పేయండి. ‘అర్థమవుతోంది’ అంటాం గానీ ఇంగ్లీషులో ‘ఐ అండర్‌స్టాండ్’ అనే అనాలి. ‘నమ్ముతున్నాను’ అంటాం గానీ ‘ఐ బిలీవ్’ అనే అనాలి.

చార్టు ఇప్పటికే కొనేసి ఉంటే పారేయొద్దు. అరగంట పని ఉంది. పర్ఫెక్ట్ వరుసలోని తెలుగు మాటలన్నీ వైట్‌నర్‌తో చెరిపి, పిల్లలు ఒడియా చదివేవాళ్లైతే అక్కడ ఖాఇఛి, ఖాఇథిలి రాయండి. తెలుగు బడి పిల్లలైతే ‘ఇప్పుడే తిన్నాను’, ‘అప్పటికే తిన్నాను’ అని రాయండి. ‘ఇప్పుడే’, ‘అప్పటికే’ అన్న మాటలే అర్థాన్ని మోస్తాయి. ‘తినగలను’ కొట్టేసి ‘రేపు తింటాను’ చేయండి. ‘ఐ షల్’ ఉన్నచోట ‘ఐ విల్’ పెట్టండి. ‘షల్’ను ‘షల్ ఐ కమ్ ఇన్’ లాంటి అడగడాలకు దాచుకుంటే చాలు. తర్వాత పాత క్యాలెండర్ కాగితంతో ఎనిమిది గళ్లు మూసేయండి. మొదటి నెలంతా కనిపించాల్సినవి సింపుల్ ప్రెజెంట్, ప్రెజెంట్ కంటిన్యువస్, సింపుల్ పాస్ట్, విల్ ఫ్యూచర్ మాత్రమే. ఆ తర్వాత ప్రెజెంట్ పర్ఫెక్ట్ తెరవండి, అదొక్కటే రెండు వారాలు తింటుంది. పాస్ట్ కంటిన్యువస్‌కు రెండు మూడు రోజులు చాలు. ‘ఐ విల్ హ్యావ్ బీన్ ఈటింగ్’ గడిని పరీక్షకు ముందు రోజు తెరిచినా నష్టం లేదు. పన్నెండు గళ్లూ ఒకే సైజులో వేయడం వల్ల పన్నెండూ సమానమే అనుకుని, రోజుకొకటి చొప్పున పన్నెండు రోజుల్లో కోర్సు ముగించే ట్యూషన్లు ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఫార్ములాలు గడగడా అప్పజెప్తారు, బస్సెప్పుడొస్తుందని అడగమంటే నీళ్లు నములుతారు.

ఇక పుస్తకం. వెర్బులు అకారాదిలో ఉన్నాయి, అదే దాని మొదటి లోపం. ‘అబైడ్, అబోడ్’ మొదటి పేజీలో, ‘గో, వెంట్, గాన్’ ఎక్కడో మధ్యలో. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ వాడే పది వెర్బులూ, బీ, హ్యావ్, డూ, సే, గో లాంటివి, ఇర్రెగ్యులరే. మొదలు వాటితోనే కావాలి. మొత్తం జాబితాల్లో 200 దాకా ఉంటాయి గానీ మాట్లాడటానికి మొదటి 60 వస్తే గట్టెక్కినట్టే. వాటిని కుటుంబాలుగా విడదీసి పుస్తకం చివరి ఖాళీ పేజీల్లో తిరిగి రాయించండి. అసలు మారనివి: కట్, పుట్, హిట్, షట్, లెట్, కాస్ట్, హర్ట్. వెనక్కి వచ్చేవి: కమ్ కేమ్ కమ్, రన్ ర్యాన్ రన్. రెండు, మూడు ఒకటైనవి: బ్రింగ్ బ్రాట్, బై బాట్, థింక్ థాట్, టీచ్ టాట్, అలాగే కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్, ఇంకా సెండ్ సెంట్, బిల్డ్ బిల్ట్. లోపలి అచ్చు మెట్లు దిగేవి: సింగ్ స్యాంగ్ సంగ్, డ్రింక్ డ్రాంక్ డ్రంక్, బిగిన్ బిగాన్ బిగన్. ‘న్’తో ముగిసేవి: నో న్యూ నోన్, గ్రో గ్రూ గ్రోన్, స్పీక్ స్పోక్ స్పోకెన్, టేక్ టుక్ టేకెన్. ఒక కుటుంబంలో రెండు వస్తే మూడోది పిల్లలే ఊహిస్తారు. అకారాదిలో ఆ వీలు లేదు.

అచ్చుతప్పుల్లో పెద్దది ‘లై’ దగ్గర. ‘లై, లే, లైన్’కు ఎదురుగా ‘అబద్ధమాడు’ అని వేశారు. అబద్ధమాడటానికి ‘లై, లైడ్, లైడ్’. పడుకుని ఉండటానికి ‘లై, లే, లైన్’, మూడో రూపాన్ని ‘లెయిన్’ అని పలకాలి. పెట్టడానికి ‘లే, లెయిడ్, లెయిడ్’. మూడింటినీ కలిపి ఒకేరోజు చెప్పొద్దు, మూడూ పోతాయి. ‘ఫైండ్, ఫౌండ్’ దగ్గర కూడా ఒకటి చూసుకోవాలి. ‘ఫౌండ్’ అనేది స్థాపించు అన్న అర్థంలో వేరే వెర్బు, దాని గతం ‘ఫౌండెడ్’. ‘రీడ్’ మూడు రూపాలకూ స్పెల్లింగ్ ఒకటే, పలకడం మాత్రం ‘రీడ్, రెడ్, రెడ్’. పుస్తకం ఉచ్చారణ దగ్గర కూడా మూడింటికీ ‘రీడ్’ అనే వేసింది.

ఉచ్చారణ వరుసలో రెగ్యులర్ వెర్బులన్నిటికీ ‘ఎడ్’ పెట్టడం ఇంకో తప్పు. ‘వర్కెడ్’, ‘వాషెడ్’ అని చదివిన పిల్లల నోరు తర్వాత తిప్పడం కష్టం. వినిపించే చివరి శబ్దాన్ని బట్టి నడుస్తుంది. క, ప, స, ఫ, ష, చ శబ్దాల తర్వాత ‘ట్’: వర్క్‌ట్, హెల్ప్‌ట్, వాష్‌ట్. ట, డ తర్వాత ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. మిగతావాటికి ‘డ్’: ప్లేడ్, కాల్డ్, ఓపెన్డ్.

సెట్టులో మరో చిక్కు వి4, వి5 పేర్లు. చార్టులో వి4 అంటే ఇంగ్ రూపం, పుస్తకంలో వి4 అంటే ఎస్ రూపం. బజారులో రెండు పద్ధతులూ ఉన్నాయి, ఏదీ తప్పు కాదు గానీ ఒకే పెట్టెలో రెండూ పెట్టడం నిర్లక్ష్యం. వి1, వి2, వి3 దాకా అంకెలు వాడి, మిగతా రెండింటినీ ‘ఇంగ్ రూపం’, ‘ఎస్ రూపం’ అనే పిలవండి.

కార్డులు మాత్రం కొనదగ్గవి. ముందువైపు బొమ్మ, వి1. వెనక వి2, వి3, ఒక వాక్యం. తెలుగూ లేదు, ఒడియా లేదు, అదే వీటి బలం. రోజుకు ఐదు కొత్త కార్డులకు మించొద్దు. మూడు కవర్లు పెట్టుకోండి. కొత్తవీ, తప్పు చెప్పినవీ మొదటి కవర్లో, రోజూ తిప్పాలి. సరిగ్గా చెప్పినవి రెండో కవర్లోకి, మూడు రోజులకోసారి. అక్కడా నెగ్గినవి మూడో కవర్లోకి, వారానికోసారి. తప్పితే ఏ కవర్లో ఉన్నా మొదటిదానికే వెనక్కి. ‘గో, వెంట్, గాన్’ అని అప్పజెప్పగానే సరే అనేయొద్దు. ‘యెస్టర్‌డే’తో ఒక వాక్యం, ‘హ్యావ్’తో ఒక వాక్యం సొంతంగా చెప్పాకే కార్డు ముందుకు పోవాలి. అప్పజెప్పడం వరకే అయితే వి2కు ముందు ‘హ్యావ్’ పెట్టే జబ్బు, ‘ఐ హ్యావ్ వెంట్’, అలాగే ఉండిపోతుంది.

అట్ట పలచన. గంజాం తీరం గాలికి వానాకాలంలో కార్డులు చివర్లు లేచి వంకర తిరుగుతాయి. లామినేషన్ చేయిస్తే కార్డుల ఖరీదుకు మించుతుంది, అంత అక్కర్లేదు. గాలి దూరని స్టీలు డబ్బాలో వేసుకుంటే చాలు. పోయిన కార్డుకు బదులు పాత పెళ్లి శుభలేఖ అట్ట కత్తిరించి రాసుకోవచ్చు, అది ఈ అట్ట కంటే గట్టిది.

ఏది కొనాలంటే, ఒడియా మీడియం పిల్లలకు ఒడియా అర్థాల చార్టు, పైన చెప్పిన కార్డులు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మీడియం అయితే చార్టు అక్కర్లేదు, కార్డులు చాలు. పాతపట్నం, ఇచ్ఛాపురం బడుల్లో తెలుగు చదివే పిల్లలకు తెలుగు చార్టే తీసుకోండి గానీ వైట్‌నర్ సీసా కూడా అప్పుడే కొనండి. డబ్బులిచ్చే ముందు సీలు విప్పించి మూడు చోట్ల చూడండి: ఫ్యూచర్ గడిలో అర్థం, పుస్తకంలో ‘లై’, ‘రీడ్’ వరుసలు, చార్టులోనూ పుస్తకంలోనూ వి4. దుకాణదారు విప్పనివ్వకపోతే విడిగా దొరికే కార్డుల పెట్టె ఒక్కటే తీసుకోండి.